ఒక్క గుడి తక్కువ

మా ఇంటి గోడలు నాపరాళ్లు.
మూరెడు మందం. మా తాత పేర్చినవి.
వైఫై ఆ గోడ దాకా వచ్చి
అప్పుకొచ్చిన మనిషి మాదిరి
కాసేపు నిలబడి వెనక్కి పోతుంది.

అందుకే తీగ లాగినాం,
ముందు గదిలో ఖాసీం కంప్యూటరు నుంచి
వంటింటి అటక మీదుగా, కారం డబ్బాల వెనకగా
లోపలి గదిలో నా కంప్యూటరు దాకా.
బండల బిల్లులు వాడివి.
బడి ప్రశ్నపత్రాలు నావి.
ప్రింటరు మాత్రం ఒకటే, వాడి పక్కన.

ఖాసీం తన దాంట్లో విండోస్ మళ్లీ ఎక్కించినప్పటి నుంచి
రెండింటికీ మాటల్లేవు.
పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పెట్టుకుని
పద్దెనిమిది అడుగులు అటు, పద్దెనిమిది ఇటు,
నేనే నెట్‌వర్కు.
"ఏం మాబున్నీ, ఇంగా ఎన్నిసార్లు తిరుగుతావు?"
అంటాడే గాని కుర్చీలోంచి లేయడు.

నాలుగో రాత్రి
గిన్నెలు బోర్లించి వచ్చి కూర్చున్నా.
తీగ కొసలు పీకి మళ్లీ గుచ్చినా.
టక్కుమంది. పచ్చదీపం మినుకుమంది.
ఎలుక మీద మూడు రోజులుగా వేసిన నింద
వెనక్కి తీసుకున్నా.

నల్ల తెర తెరిచి
మొదట నన్ను నేనే పిలుచుకున్నా.
నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ పలికినా.
సరే, నేనైతే ఉండాను.
రౌటర్‌ను పిలిచినా. మాట ముగియకముందే ఓ అంది.
ఖాసీం కంప్యూటర్ని పిలిచినా.
గడువు దాటింది.
గడువు దాటింది.
గడువు
దాటింది.

పలకనంత మాత్రాన లేనట్టు కాదని
నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.
మా నాయన ముప్పై ఏండ్లు పాలిషు మిషను దగ్గర నిలబడినాడు.
ఇప్పుడు వెనక నుంచి పిలిస్తే తిరగడు.
ఎదురుగా పోయి చెయ్యి ఊపితే
"ఏమ్మే, అన్నం తింటివా?" అంటాడు,
నేనేమడిగినా.

ముందు గదిలోకి పోయి చూసినా.
ఫైర్‌వాల్ లోపలి నుంచి గడియ పెట్టుకుని ఉండాది.
ఇంటి తీగకు మాత్రం తియ్యమని చెప్పి వచ్చినా.
ఈసారి పిలిస్తే పలికింది.

పలికిందే గాని
ఇరుగుపొరుగు జాబితాలో కనపడదు.
ఒక్క పిల్ల వచ్చిన బడి హాజరుపట్టీ మాదిరి
నా పేరు ఒక్కటే.
చిరునామాలు సరిచూసినా.
మొదటి మూడు అంకెలూ ఇంటిపేరు, నాలుగోది మా పేరు.
వాడిది పదకొండు, నాది పన్నెండు.
ఒక కడుపున పుట్టిన అంకెలే.
ఇంకెక్కడ?

ఒంటిగంటకు దొరికింది.
వర్క్‌గ్రూపు అని ఒక గడి,
మీరు ఏ జట్టోళ్లు అని అడిగే గడి.
రెండేండ్ల కిందట అందులో నేను పెట్టింది ఊరి పేరు, తాడిపత్రి.
మొన్న వాడు పెట్టిందీ ఊరి పేరే, తాడ్‌పత్రి.
ఇంగ్లీషులో ఒక్క అక్షరం.
మన రాతలో ఒక్క గుడి.
వాడి లారీ రసీదుల మీద అట్లనే ఉంటుంది.
మా బడి రబ్బరు స్టాంపు మీద ఇట్లనే ఉంటుంది.
ఇద్దరం ఒకే ఊరిని రాసి
ఒకరికొకరం కనపడకుండా పోయినాం.

లేపి అడిగినా, ఎవరిది మారుద్దాం అని.
కండ్లు తెరవకుండానే
"నీ గుడి నువ్వే పెట్టుకో పో" అన్నాడు.
పెట్టినా. ఆపి, మళ్లీ వేసినా.
జాబితాలో వాడు వచ్చి
నా కింద వరసలో కూర్చున్నాడు.

ఏడో తరగతి, తెలుగు, యాభై మార్కులు.
ప్రింటు నొక్కినా.
గోడ అవతల, చీకట్లో
ప్రింటరు గొంతు సవరించుకుని
కాగితం లోపలికి లాక్కుంది.

నడవలో ఉత్త బండల మీద పడుకున్న నాయన
అరచెయ్యి నేలకు ఆనించి
లేచి కూర్చున్నాడు.
"ఈ యాళప్పుడు
ఎవరు మే, మిషను ఆడిచ్చాండేది?"